పాలగడ్డ

పాలగడ్డంట. మళ్లీ పాలగడ్డ. పొద్దున రెండో పీరియడ్ బెల్లు కొట్టబోయే ముందు భార్గవి ఫోన్ చేసి, జలుబు చేసిందని చెప్పినంత తేలిగ్గా చెప్పింది. కుడిపక్క గడ్డ కట్టి రెండు నెలలైందంట, వేన్నీళ్ల కాపడం పెడుతోందంట, మామ కూడా పాలగడ్డేలే అన్నాడంట, నన్నొకసారి ప్రార్థన చెయ్యమంది. మామ అంటే మా నాన్న. భార్గవి మా మేనత్త కూతురు, నాకంటే పదేళ్లు చిన్నది, పదకొండు నెలల బిడ్డకు పాలిస్తున్న తల్లి. స్టాఫ్‌రూములో చాక్‌పీసు పట్టుకుని నిలబడి ఉన్నాను. నా నోటికి అడ్డం లేకుండా పోయింది, ఈరోజే స్కానింగుకు పోదాం పద, నేను వస్తున్నా, అది పాలగడ్డ కాకపోవచ్చు, మీ అమ్మదీ పాలగడ్డ కాదే అన్నాను. దానికి కోపం వచ్చింది. రాదా మరి. మా అమ్మ మాట ఎత్తొద్దు, మామ ముందరుండి చూసుకున్నాడు, నీకన్నా మామకు తెలుసు అంది. ఆ తర్వాత ఒక మాట అంది, ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "నీకొచ్చిందని అందరికీ వస్తాదా వదినా?" అంది. చివరికి, మామ వచ్చి పొమ్మంటే పోతా, లేకుంటే పోను అని ఫోన్ పెట్టేసింది. ప్రొద్దుటూరులో స్కానింగుకు సాయంత్రం నాలుగింటికి దాని పేరు రాయించాను. సెలవు చీటీ హెడ్మాస్టర్ టేబుల్ మీద పడేసి, పులివెందుల బస్టాండుకు వచ్చి, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు పోయే బస్సెక్కాను. జమ్మలమడుగులో నాన్నను ఎక్కించుకోవాలి, అక్కణ్ణుంచి ప్రొద్దుటూరు. ఆయన రాకపోతే అది కదలదు, అది కదలకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. నాకు తెలిసినంత బాగా ఈ జిల్లాలో ఎవరికీ తెలిసుండదు.

ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, బస్సు కిక్కిరిసి ఉంది. ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకుని కిటికీ పక్కన ఇరుక్కున్నాను. నా పక్కన జానీబీ అని సింహాద్రిపురం ఆమె, ఒళ్లో చీనీకాయల సంచి. పేరు నేను అడగలేదు, ఎక్కగానే ఆమే చెప్పింది, కొడుకు ఊరు, కోడలి ఊరు, మోకాళ్ల నొప్పి, అన్నీ చెప్పింది. నా తలకు కట్టుకున్న గుడ్డ చూసి, గాలి పడదామ్మా అని అడిగింది. లేదు, వెంట్రుకలు లేవు అన్నాను. నేనిప్పుడు అట్లాగే చెప్తున్నాను, అడిగినవాళ్లందరికీ. క్యాన్సరు, రొమ్ము క్యాన్సరు, రెండుసార్లు వచ్చింది, రెండూ తీసేశారు. ఆమె గబుక్కున చుట్టూ చూసింది, ఎవరైనా విన్నారేమోనని, విన్నవాళ్లకు కాదు, నాకు సిగ్గని. తర్వాత సంచిలోనుంచి ఒక చీనీకాయ తీసి నా చేతిలో పెట్టింది. గోరు తగిలి తొక్క చిట్లి ఆ వాసన వచ్చింది చూడు, ఆ వాసనే అత్త గది.

పదేళ్ల కిందట, ప్రొద్దుటూరులో, వాళ్లింటి వెనక గది. అత్తకు యాభై ఎనిమిదేళ్లు. చీనీకాయలు పిండి రసం పట్టుకుపోయేదాన్ని, ప్రతి ఆదివారం. గదిలో సాంబ్రాణి, ఆ సాంబ్రాణి కింద దాగని ఇంకో వాసన. అత్త పైట ఎప్పుడూ సర్దుకుంటూనే ఉండేది, నా ముందు కూడా, ఆడదాని ముందు ఆడది. ఏముందత్తా, చూపించు అంటే, పాలగడ్డలే పాపా, మీ జేజికీ ఇట్లే వచ్చింది, మన ఇంట్లో ఆడోళ్లకు పాలగడ్డ మామూలే అనేది. మామూలే! నేను తల ఊపి గ్లాసు కడుక్కొచ్చాను. నేనెవరు? బి.ఎస్సీ., బి.ఎడ్., జీవశాస్త్రం ఉపాధ్యాయురాలు. ఆ నెలలోనే హెడ్మాస్టరుకు సెలవు చీటీ రాశాను, నా చేతి రాతతో, "మా మేనత్తకు పాలగడ్డ వ్యాధి ముదిరినందున" అని. ఆయన చదివి, పాపం అని సంతకం పెట్టాడు. ఆయన లెక్కల మాస్టరు, ఆయన్ననడానికి లేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఎవరినో ఉద్దేశించి అన్నారనుకునేదాన్ని, నన్నే.

జేజిని, అంటే నాన్నమ్మను, నేను చూడలేదు. నేను పుట్టకముందే, డెబ్బై రెండులో పోయింది, నలభై తొమ్మిదేళ్లకు. నాన్న అప్పుడు జమ్మలమడుగులో ఒక డాక్టరు దగ్గర కొత్తగా కాంపౌండరుగా చేరాడు, ఇరవై మూడేళ్లవాడు, ఎబినేజర్ అని డాక్టరు పూర్తిగా పిలిస్తే గర్వపడేవాడంట. జేజి గడ్డ పుండయ్యాక ఇరుగుపొరుగు రావడం మానేశారు, పెద్దరోగమన్నారు, పాపం చేసిందన్నారు, చర్చిలో ఆమె కూర్చునే చాప పక్కన ఎవరూ కూర్చోలేదు. ఇవన్నీ అత్త చెప్పింది, నాన్న ఎప్పుడూ చెప్పలేదు. అప్పటికి అత్తకు పదిహేనేళ్లు, జేజికి ఆఖరి బిడ్డ. ఆ తర్వాత ఏదో ఒకనాడు ఆ మాట పుట్టింది, పాలగడ్డ. ఎంత మంచి మాట! అందులో పాలున్నాయి, తల్లి ఉంది, పసిబిడ్డ ఉంది. ఆ మాట అన్నాక ఎవరూ ముక్కు మూసుకోలేదంట, చాప పక్కకు మనుషులు వచ్చారంట. రొమ్ము అనే మాట పలకలేని నోళ్లకు పాలు అనే మాట దొరికింది. మేమూ అంతే కదా, క్లాసులో క్షీరగ్రంథులు అని చెప్పి గబగబా పేజీ తిప్పేస్తాం, వెనక బెంచీలో ఎవరైనా నవ్వకముందే. డాక్టరు దగ్గరకు పోతే ఛాతీలో నొప్పి అంటాం. ఛాతీ అంటే ఆయన గుండెకు పరీక్ష రాస్తాడు. ఏం చేస్తాడు మరి!

నాలుగున్నరేళ్ల కిందట, నాకు మొదటిసారి వచ్చినప్పుడు, ఆసుపత్రిలో ఒక కుర్రడాక్టరు కాగితాలు పట్టుకుని కూర్చున్నాడు. తల ఎత్తలేదు. వయసు, పిల్లలు, ముట్టు, అన్నీ రాసుకుని, మీ వంశంలో ఎవరికైనా క్యాన్సరుందా అని అడిగాడు. మా వంశంలో ఎవరికీ లేదండీ అన్నాను. ఆ మాటలో కాస్త గొప్ప కూడా ఉంది, ఇప్పుడు తలుచుకుంటే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది. అత్త మా వంశమెట్లా అవుతుంది? పెళ్లి చేసి ఇచ్చేశాం, ఇంటిపేరు మారింది, ఆమె ఆ ఇంటి మనిషి. జేజి ఇంకో ఇంటినుంచి వచ్చిన మనిషి. వంశమంటే నాన్న, చిన్నాన్నలు, వాళ్ల కొడుకులు, మీసాలున్నవాళ్ల వరస. వాళ్లెవరికీ లేదు. ఆపైన, అత్తకొచ్చింది క్యాన్సరు కాదు కదా, పాలగడ్డ కదా. ఒక్క ప్రశ్నకు రెండు రకాల తప్పులు చేసి ఒక్క మాటలో జవాబిచ్చాను. ఆ కుర్రవాడు లేదు అని రాసి గీత గీశాడు. అమ్మకు, అమ్మమ్మకు, మేనత్తకు, నాన్నమ్మకు అని విడదీసి అడగడానికి అతనికి ఎంతసేపు పట్టేది? అర నిమిషం. ఆ అర నిమిషం నా రెండో రొమ్ము ఖరీదు. ఈ మాటకు అతనికి కోపమొస్తే రానీ, బయట అరవైమంది కూర్చున్నారంటే కూర్చోనీ.

అందరికీ ఇచ్చే మందే నాకూ ఇచ్చారు. కుడిపక్క ఆపరేషను, ఆరు నెలలు మందులు, అయిపోయిందన్నారు, చర్చిలో కృతజ్ఞత కూడిక కూడా పెట్టించాను. మూడేళ్లకు ఎడమపక్క వచ్చింది. అప్పుడన్నారు చూడు, ఎన్నెన్ని అన్నారో, తిండి సరిగా తినలేదన్నారు, బడికి పోవడం మానమంటే మానలేదన్నారు, విశ్వాసం చాలలేదని ఒకామె నా మొహం మీదే అంది. పథ్యం చేయలేదంట నేను! ఒక్క మాత్ర మానలేదు, ఒక్క రోజు తప్పలేదు. ఈసారి ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరమ్మ. ఆమె రక్తం తీయించి జన్యు పరీక్షకు పంపింది. అది వచ్చాక నన్ను కూర్చోబెట్టి తెల్ల కాగితం మీద గుండ్రాలు, చదరాలు గీసింది, ఆడవాళ్లు గుండ్రం, మగవాళ్లు చదరం. ఇంటిపేరు అడగలేదు, వంశమనలేదు. నాన్న తరఫు ఆడవాళ్ల సంగతి చెప్పమంది. మా జేజిది పాలగడ్డండీ, అత్తది కూడా అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టింది. జేజికి అప్పుడు వయసెంత, ఆఖరి బిడ్డకు వయసెంత అని అడిగింది. నలభై తొమ్మిది, పదిహేను అన్నాను. ఆ రెండు గుండ్రాలనూ నల్లగా దిద్దింది. నాన్న చదరం తెల్లగానే ఉంది, ఆ తెల్ల చదరంలోంచే గీత కిందికి దిగి నా గుండ్రానికి వచ్చింది. ఆ గీత చూసినప్పుడు నాకు ఏడుపు రాలేదు, మంట పుట్టింది.

ఎందుకంటే ఆ బొమ్మ నాది. పదిహేడేళ్లుగా పదో తరగతికి నేను గీస్తున్న బొమ్మ. అనువంశికత పాఠం, బఠాణీ మొక్కలు, పొడుగు, పొట్టి, నాలుగు గళ్లు. కనిపించని గుణం తండ్రిలో దాగి ఉండి బిడ్డకు రావచ్చు పిల్లలూ అని, ఇది పరీక్షలో వస్తుంది గుర్తు పెట్టుకోండి అని, బల్ల మీద కొట్టి చెప్పాను. ఎంతమంది పిల్లలకు చెప్పాను! బఠాణీకి వర్తించింది నాకు వర్తించదనుకున్నాను కాబోలు. డాక్టరమ్మ నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. ఒంట్లో ప్రతి కణానికీ గోడలు పగిలితే పూడ్చే మేస్త్రీలుంటారు, మీ ఇంట్లో కొందరికి ఆ మేస్త్రీల్లో ఒకడు పుట్టుకతోనే సరిగ్గా లేడు, అందుకే జబ్బు తొందరగా పట్టుకుంటుంది. కానీ అదే మనకు దారి కూడా, ఆ మేస్త్రీ లేని క్యాన్సరు కణాలకు కొన్ని మందులంటే పడదు, మిగిలిన మేస్త్రీని కూడా కూర్చోబెట్టి ఆ కణాలను కూలనిచ్చే మాత్రొకటుంది, అది మీలాంటివాళ్లకే పనిచేస్తుంది అంది. అందరికీ ఒకే మందు ఒకేలా పనిచేయదమ్మా, ఎవరి ఒంటి రాత వాళ్లది అంది. మొదటిసారే తెలిసుంటే అని అడిగాను. ఆమె అబద్ధం చెప్పలేదు. ఇట్లా జరిగేది కాదని చెప్పలేను, కానీ వేరే మందుల గురించి, రెండో పక్క గురించి అప్పుడే మాట్లాడుకునేవాళ్లం, ఎంచుకునే వీలు మీకుండేది అంది. ఎంచుకునే వీలు. అది నాకు లేకుండా చేసింది జబ్బు కాదు, ఒక మాట.

ముద్దనూరు వచ్చింది. దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు. జానీబీ దిగుతూ, చీనీకాయ తినమ్మా, దాచిపెట్టుకోవద్దు అంది. బస్సు ఆగి ఉండగానే నాన్నకు ఫోన్ చేశాను, పొద్దుటినుంచి ఇది మూడోసారి. బస్టాండుకు వచ్చావా నాయనా అంటే, ఎండగా ఉంది, బిడ్డతల్లిని బెదిరించేది మంచిది కాదు, ప్రార్థన చేస్తాండా అన్నాడు. నేనూ ఊరుకోలేదు, నువ్వు రాకపోతే అది పోతుంది నాయనా, మూడోది పోతుంది, ముగ్గురికీ పేరు పెట్టింది నువ్వే అన్నాను. ఫోన్ కట్టయింది. సిగ్నలు పోయిందో, ఆయనే కట్ చేశాడో తెలియదు. కన్నతండ్రిని, డెబ్బై ఆరేళ్లవాణ్ణి, అంత మాటన్నాను. అంటే అన్నాను. ఇంటిగుట్టు లంకకు చేటంటారు, మా ఇంట్లో గుట్టు బయట పెట్టినందుకు ఎవరూ చావలేదు, దాచినందుకే చస్తున్నారు.

ఆయన్ను అంటున్నాను గానీ నా సంగతేంటి? నా రిపోర్టు వచ్చినప్పుడు భార్గవికి ఆరో నెల. అప్పుడే చెప్తానన్నాను. కడుపుతో ఉన్నదానికి చెప్పే మాటా అని నాన్న అడ్డుపడ్డాడు. సరే అన్నాను. కాన్పయింది. పురిటి మనిషికా అన్నాడు. సరే అన్నాను. బిడ్డకు మూడో నెల, ఐదో నెల, అన్నం ముట్టించారు, ఆ రోజు పోయి దానింట్లో పాయసం తిని వచ్చాను. భార్గవి బిడ్డను ఎత్తుకుని పైట కప్పుకుని పాలిస్తూ, నీ మందులెట్లున్నాయి వదినా అని అడిగింది. బాగున్నాయే అన్నాను. నాలుక చివరిదాకా వచ్చింది, నీకూ ఇది ఉండే అవకాశం సగానికి సగం ఉందే, రక్తం ఇవ్వు, లేదంటే ఏడాదికొకసారి పరీక్ష చేయించుకో, అంతే, భయం లేదు అని. రెండు వాక్యాలు. బడిలో రోజుకు ఎన్ని వేల వాక్యాలు మాట్లాడతాను! ఆ రెండు రాలేదు. నాన్న అడ్డుపడ్డాడని చెప్పుకుంటున్నాను, నలభై ఆరేళ్లదాన్ని, రెండు రొమ్ములూ కోయించుకున్నదాన్ని, నాకు నాన్న అడ్డమా? నాకూ ఆ మాట హాయిగానే ఉంది, అదే నిజం. అది నవ్వుతూ బిడ్డకు పాలిస్తోంది, ఆ నవ్వు నా చేత్తో తీసేయడానికి మనసొప్పలేదు. నవ్వు మిగిల్చాను, గడ్డ మిగిల్చాను.

పెన్నా వంతెన. నీళ్లు ఒక పక్కకు ఒరిగి పారుతున్నాయి, మిగతాదంతా ఇసుక. ఒకటిన్నర దాటింది. ఆయన లేకపోతే ఏం చేయాలి? ఇంటికి పోయి చేయి పట్టుకుని లాగాలా? లాగుతాను. ఆటో మాట్లాడి ఎక్కిస్తాను. రాకపోతే నేనొక్కదాన్నే పోయి భార్గవి ముందు నా జాకెట్ విప్పి చూపిస్తాను, ఇదే మన వంశమని. అప్పుడు కూడా, మామ చెప్పలేదు కదా వదినా అంటుందేమో. అనగలదు. మేనమామ మాటంటే మా వాళ్లకు అంత. అత్త పోయాక దాని పెళ్లికి తల్లి స్థానంలో నిలబడింది ఆయనే, బిడ్డకు పేరు పెట్టిందీ ఆయనే. పేర్లు పెట్టడంలో ఆయన దిట్ట.

ఉన్నాడు. బస్టాండులో, నీడ ఉన్న చోటు వదిలేసి, నడి ఎండలో, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. డ్యూటీకి పోయేటప్పుడు వేసుకునే చొక్కా అట్లాంటిదే. నేను తిట్టాలనుకున్నవన్నీ నోట్లోనే ఉన్నాయి. ఆయన నా మొహం చూడలేదు, ప్రొద్దుటూరు బస్సు ఆ పక్కనుంది అని ముందు నడిచాడు. ఎక్కాం, కూర్చున్నాం. కండక్టరు వస్తే, ఒక టికెట్ నాకు, పాపకు సున్నా అన్నాడు. నలభై ఆరేళ్ల పాప. ఊరు దాటాం. చేతిలో చీనీకాయ ఒలిచి సగం ఆయనకిచ్చాను. ఆయన తినలేదు, పట్టుకున్నాడు. కాసేపటికి, ఫోన్ కలిపియ్యి అన్నాడు. ఎవరికని అడగలేదు. ఆయనకు చెవులు సరిగా వినపడవు కాబట్టి స్పీకరు పెట్టి ఇచ్చాను. వినపడనివాళ్లు ఎట్లా మాట్లాడతారో తెలుసు కదా, బస్సంతా వినపడేట్టు మాట్లాడాడు.

"భార్గవీ, మామనమ్మా. నేను చెప్పేది అడ్డం రాకుండా ఇను. మీయమ్మ పోయినబ్బుడు యాభై ఎనిమిదేండ్లు. నువ్వు పాలు మాని ఇరవై నాలుగేండ్లు. ఆమెకు పాలు యాడివి తల్లీ?" ఆగాడు. "మా అమ్మకూ పాలు లేవు. ఆ పేరు నేనే పెట్నా. జనం దగ్గరికి రావల్లని పెట్నా. ఇద్దరిదీ రొమ్ము క్యాన్సరు. మీ వదినకు వచ్చింది నా రక్తంలోనుంచే. నీది ఏందో ఇంకా తెలీదు, ఏమీ లేకనూ పోవచ్చు. చూపించుకోవల్ల, ఈపొద్దే."

ముందు సీట్లో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. చూడనీ. రొమ్ము అనే మాట మా నాన్న నోట నేను వినడం అదే మొదటిసారి. ఆయన వేళ్ల మధ్య చీనీతొన నలిగి రసం తెల్లచొక్కా మీద కారుతోంది, తుడుచుకోలేదు. ఫోన్‌లో బిడ్డ ఏదో ఉంగా ఉంగా అంటున్నాడు, ఎక్కడో కుక్కర్ కూత వేస్తోంది. అప్పుడు భార్గవి మాట్లాడింది, పొద్దున నా మీద అరిచిన గొంతు కాదు.

"బిడ్డ ఆ పక్క పట్టుకోక రెండు నెల్లాయ మామా. మొగం తిప్పుకుంటాండు. వానికి పండ్లు వస్తాండాయేమో అనుకుంటి."

నాన్న, తయారుగా ఉండు, వస్తాండామని చెప్పి, ఫోన్ నా ఒళ్లో పెట్టాడు. తర్వాత లేచి నిలబడి, ఇంత మెల్లగా ఎందుకు పోతున్నారని, నాలుగింటికల్లా ప్రొద్దుటూరు చేర్చాలని డ్రైవరు మీద అరిచాడు. మా నాన్న అరవగా నేనెప్పుడూ వినలేదు.